ఎత్తిన చెయ్యికి ఆసరా

సీలింగుకు రంధ్రాలు వేస్తున్న మనిషిని పది నిమిషాలు దగ్గర నుంచి చూడండి. మొదటి రంధ్రానికి రెండు చేతులూ నిటారుగా లేస్తాయి, డ్రిల్లు బిట్టు గీసిన గుర్తు మీదే నిలుస్తుంది. నాలుగో రంధ్రం దగ్గరికి వచ్చేసరికి ఎడమ మోచెయ్యి పక్కటెముకల వైపు దిగిపోతుంది, కుడి భుజం చెవి దాకా లేస్తుంది. ఆరో రంధ్రానికి బిట్టు గుర్తు చుట్టూ తచ్చాడుతుందే గానీ దాని మీద ఆగదు. అప్పుడతను నిచ్చెన మీదే చేతులు కిందికి వేలాడేసి, రెండుసార్లు విదిలించి, మెడ అటూ ఇటూ తిప్పి, కనురెప్పల మీద పడ్డ సిమెంటు పొడిని మోచేత్తో తుడుచుకుని మళ్లీ ఎత్తుతాడు. ఆ డ్రిల్లు బరువు రెండు కిలోలే. దాంతోనే నడుం ఎత్తులో గోడకు రంధ్రాలు వేయమంటే పూటంతా వేస్తాడు. చెయ్యి తల మీదికి వెళ్లేసరికి అదే డ్రిల్లు, అదే మనిషి, పది నిమిషాలకే చేతులు పడిపోతాయి.

ఇలా తలకు మించిన ఎత్తులో చేతులు పెట్టి బతికేవాళ్లు చాలామందే ఉన్నారు. వైరింగు చేసేవాళ్లు, పైకప్పుకు పుట్టీ పట్టి రంగులేసేవాళ్లు, ఏసీ గొట్టాలు బిగించేవాళ్లు, కారు కింద నిలబడి బోల్టులు బిగించేవాళ్లు, విమానం రెక్క కింద రివెట్లు కొట్టేవాళ్లు, పందిరి కింద ద్రాక్ష గుత్తులు కోసేవాళ్లు. ఆపరేషన్ బల్ల ముందు గంటల తరబడి చేతులు గాల్లో నిలిపే సర్జన్లనూ వీళ్లలోనే కలపాలి, వాళ్ల చేతులు తల దాకా లేవకపోయినా. రెక్కాడితే గాని డొక్కాడదన్న మాట వీళ్ల పట్ల అక్షరాలా నిజం. ఆ రెక్కే మొరాయిస్తే బతుకుతెరువు ఆగిపోతుంది.

వీళ్ల కోసం కొన్నేళ్లుగా ఒక కొత్త రకం ఆసరా తయారవుతోంది. వీపుకు సంచిలా తగిలించుకుని, నడుముకు బెల్టు బిగించుకుని, రెండు దండచేతులనూ మెత్తటి దోనెల్లాంటి పట్టీల్లో ఆనించుకుంటారు. భుజం ఎక్సోస్కెలిటన్ అని పిలుస్తున్నారు. ఎక్కువ వాటిలో మోటారు ఉండదు, బ్యాటరీ ఉండదు. చెయ్యి ఎత్తితే స్ప్రింగు కింద నుంచి నెడుతుంది, అంతే. ప్రకటనల్లో చూస్తే బరువును మాయం చేసే వస్తువులా కనిపిస్తుంది. బరువు మాయం కాదు. భుజం మీది నుంచి దిగి ఇంకో చోట కూర్చుంటుంది. ఎక్కడ కూర్చుంటోంది, ఏ పనిలో, ఎంతసేపు అన్నది చూడకుండా దీన్ని మెచ్చుకోవడమూ తప్పే, కొట్టిపారేయడమూ తప్పే.

ముందు భుజం మోసే లెక్క చూద్దాం. మనిషి బరువులో ఒక్కో చెయ్యి సుమారు 5 శాతం. 70 కిలోల మనిషికి చెయ్యి ఒక్కటే మూడున్నర కిలోలు తూగుతుంది. చెయ్యిని నేలకు సమాంతరంగా చాస్తే ఆ బరువంతా భుజం కీలుకు 30 సెంటీమీటర్ల దూరంలో పోగుపడినట్టు. 60 సెంటీమీటర్ల దూరాన గుప్పిట్లో 2 కిలోల డ్రిల్లు ఉందనుకుందాం. 3.5ని 30తో, 2ని 60తో గుణించి కలిపితే 225 వస్తుంది. ఈ భారాన్ని నిలబెట్టాల్సిన కండలు కీలుకు మరీ దగ్గరగా, సుమారు 3 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని లాగుతాయి. 225ని 3తో భాగిస్తే 75. అంటే రెండు కిలోల డ్రిల్లును చాచిన చేత్తో నిలపడానికి భుజం కండలు 75 కిలోల మూటను లేపేంత బలంగా లాగాలి. డ్రిల్లు పక్కన పెట్టేసి ఉత్త చెయ్యి చాచినా 35 కిలోల లాగుడు తప్పదు. ఇది మోటు లెక్కే. మోచెయ్యి మడిస్తే దూరం తగ్గి భారం తగ్గుతుంది, రెండో చెయ్యి తోడైతే ఇంకా తగ్గుతుంది. కానీ ఉత్త చెయ్యే భుజానికి ఎంత పెద్ద బరువో ఈ లెక్కలో బయటపడుతుంది. పనివాళ్లకు ఇంకాస్త తేలికైన డ్రిల్లు కొనిచ్చి చేతులు దులుపుకుంటే బాధ సగం కూడా తీరకపోవడానికి కారణం అదే.

చెయ్యి ఇంకా పైకి లేస్తే అడ్డదూరం తగ్గుతుంది కాబట్టి కాగితం మీద భారమూ తగ్గాలి. కొంత తగ్గుతుంది కూడా. కానీ ఒంటి లెక్క వేరు. గుండె కంటే పైనున్న ప్రతి సెంటీమీటరుకూ రక్తపోటు సుమారు 0.77 మిల్లీమీటర్ల పాదరసం చొప్పున పడిపోతుంది. వేళ్లు గుండెకు 50 సెంటీమీటర్ల పైన ఉంటే అక్కడ 38 మిల్లీమీటర్ల దాకా తగ్గినట్టే. ఆ తగ్గిన ఒత్తిడితోనే రక్తం బిగుసుకున్న కండలోకి దూరాలి. బిగిసిన కండేమో తనలోని సన్న రక్తనాళాలను తానే నొక్కేస్తుంది. నడకలోనో, రంపం లాగడంలోనో అయితే కండ బిగుస్తూ వదులవుతూ ఉంటుంది కాబట్టి రక్తం ఆడుతుంది. ఎత్తి పట్టుకుని నిలిచే పనిలో ఆ వదులయ్యే క్షణమే ఉండదు. నిచ్చెన మీద చేతులు విదిలించుకోవడమంటే ఆ క్షణాన్ని బలవంతంగా తెచ్చుకోవడమే.

కదలకుండా పట్టుకునే ఓపిక గురించి జర్మన్ శాస్త్రవేత్త వాల్టర్ రోమర్ట్ 1960లో ఒక గీత గీశాడు. గరిష్ఠ బలంలో సగం వాడుతూ పట్టుకోమంటే మనిషి సుమారు ఒక్క నిమిషం ఆగగలడు. వాడే బలం తగ్గేకొద్దీ ఓపిక మెల్లగా పెరగదు, ఎగబాకుతుంది. 15 శాతానికి దిగితే చాలా సేపు పట్టుకోవచ్చని ఆయన అంచనా. ఆ 15 శాతం హద్దును తర్వాతి పరిశోధకులు ఒప్పుకోలేదు. గంటల లెక్కన పట్టుకోవాల్సి వస్తే అంతకంటే తక్కువలోనూ కండ అలిసిపోతుందని చూపించారు. హద్దు మారినా గీత వంపు మాత్రం నిలిచింది. ఆసరా పరికరాల వెనకున్న ఆశంతా ఆ వంపులోనే ఉంది. భుజం మీది భారంలో కాస్త తీసేసినా ఓపిక దానికి మించి పెరుగుతుంది.

అలసట ఒక్కటే అయితే రాత్రి నిద్రతో తీరేది. భుజం కీలుకు పైన చూరులాగా ఒక ఎముక ఉంటుంది. ఆ చూరుకూ కీలు గుండుకూ మధ్య ఉన్న సందు సుమారు ఒక సెంటీమీటరు. చెయ్యి ఎత్తడంలో పాలుపంచుకునే ఒక కండ తాలూకు టెండన్, అంటే కండను ఎముకకు కట్టి ఉంచే తాడు, ఆ సందులోంచే పోతుంది. చెయ్యి లేచేకొద్దీ ఆ చోటు ఇరుకవుతుంది. ఎముకకు టెండన్ ఒరుసుకోవడం వల్లే భుజం నొప్పులు చాలావరకు వస్తాయని అమెరికా సర్జన్ చార్లెస్ నీర్ 1972లో వివరించాడు. ఒరిపిడి ఒక్కటే కారణం కాదని, టెండన్ లోపలి నుంచీ చివికిపోతుందని తర్వాత తెలిసింది. ఏదేమైనా అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 1997లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ పరిశీలించి, చెయ్యిని 60 డిగ్రీలకు మించి పదేపదే ఎత్తినా, ఎత్తి నిలిపినా భుజం జబ్బులతో దానికి సంబంధం ఉన్నట్టు ఆధారాలున్నాయని తేల్చింది. 60 డిగ్రీలంటే తల మీదికి కాదు, చెయ్యి భుజం ఎత్తుకు కూడా చేరదు. బల్ల ఎత్తు సరిగ్గా లేని చాలా పనులు ఈ గీత దాటేస్తాయి.

మనిషికి బయటి నుంచి బలం తొడగాలన్న ఆలోచన పాతదే. 1960ల్లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ హార్డిమన్ అనే యంత్రకవచాన్ని తయారుచేయబోయింది. దాని బరువు సుమారు 680 కిలోలు. ఒక చెయ్యి మాత్రం పనిచేసింది గానీ మొత్తం కవచం ఎన్నడూ అదుపులోకి రాలేదు. నేటి భుజం ఆసరాకు అసలు పూర్వీకుడు ఆ కవచం కాదు, బల్ల దీపం. వాహనాల సస్పెన్షన్ ఇంజనీరు జార్జ్ కార్వర్డైన్ 1932లో ఇంగ్లండులో స్ప్రింగులతో ఒక దీపం చేశాడు. దాన్ని వేలితో ఎక్కడికి జరిపితే అక్కడే నిలుస్తుంది, జారదు, మీదికి లేవదు. దీపం తల బరువును స్ప్రింగు ఏ భంగిమలోనైనా సరిగ్గా తూచి పట్టడమే అందులోని కిటుకు.

దీపానికి చేసింది చేతికి చేయడం మాత్రం అంత సులువు కాదు. మామూలు స్ప్రింగు సాగేకొద్దీ గట్టిగా లాగుతుంది. చేతి భారం అలా పెరగదు. వేలాడుతున్నప్పుడు సున్నా, సమాంతరంగా చాచినప్పుడు గరిష్ఠం, ఇంకా పైకి పోతే మళ్లీ తగ్గుదల. అందుకే స్ప్రింగుకూ చేతికీ మధ్య క్యామ్ అనే గుడ్డు ఆకారపు బిళ్ల లాంటిది పెడతారు. చెయ్యి దించి ఉంటే తోపు దాదాపు ఉండదు, భుజం ఎత్తుకు వచ్చేసరికి నిండుగా అందుతుంది. మోటారే లేనిదానికి ఆ బలం ఎక్కడిదంటే, చెయ్యి దించేటప్పుడు చేతి బరువే స్ప్రింగును బిగిస్తుంది. ఎత్తేటప్పుడు స్ప్రింగు ఆ దాచినదాన్ని తిరిగి ఇస్తుంది. కొత్తగా పుట్టిన బలం ఒక్క గ్రాము కూడా ఇందులో లేదు.

అమెరికాలోని ఎక్సో బయోనిక్స్ తెచ్చిన ఎక్సోవెస్ట్ ఒక్కో చేతికి 5 నుంచి 15 పౌండ్ల దాకా, అంటే సుమారు 2.2 నుంచి 6.8 కిలోల దాకా ఆసరా ఇస్తుంది. ఫోర్డ్ కంపెనీలో కొందరు కార్మికులు రోజుకు 4,600 సార్లు దాకా చేతులెత్తుతారని లెక్క. ఆ కంపెనీ రెండు ప్లాంట్లలో ప్రయోగం చేసి, 2018లో 7 దేశాల్లోని 15 ప్లాంట్లకు 75 ఎక్సోవెస్ట్ జాకెట్లు తెప్పించింది. కృత్రిమ అవయవాల తయారీలో 1919 నుంచీ ఉన్న జర్మన్ సంస్థ ఒట్టోబాక్ 2018లోనే పేక్సో షోల్డర్ తెచ్చింది, బరువు 1.9 కిలోలు. హార్డిమన్ పక్కన పెట్టి చూస్తే ఈ 1.9 కిలోలే ఇన్నేళ్ల అసలు ప్రగతి. మనిషిని మహాబలుణ్ని చేయాలన్న ఆశ వదులుకుని, చేతి బరువు ఒక్కటి మోస్తే చాలనుకున్నాకే ఇది పనికొచ్చే వస్తువైంది.

ఇక భుజం మీంచి దిగిన భారం ఎటు పోయిందన్న ప్రశ్న. దండచేతిని పైకి నెట్టాలంటే పరికరం ఎక్కడో ఒక చోట కాలూనాలి. వీపు వెంట దిగే చువ్వల గుండా ఆ తోపు నడుము బెల్టు మీదికి, అక్కణ్నుంచి తుంటి ఎముకల మీదికి చేరుతుంది. కావడి బద్దను ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నట్టే ఇదీ. కాకపోతే ఇక్కడ మారింది చిన్న కండల మీంచి పెద్ద ఎముకల మీదికి. తుంటి, తొడలు రోజంతా ఒంటినే మోస్తున్నాయి, ఇంకో నాలుగైదు కిలోలు వాటికి లెక్కలోది కాదు. అందుకే బేరం మంచిదే, బెల్టు తుంటి మీద ఉన్నంతవరకు. వదులుగా కట్టుకున్నా, మనిషి కొలతకు సరిపడకపోయినా బెల్టు పైకి పాకి పొట్ట మీద, నడుం మెత్తటి భాగం మీద కూర్చుంటుంది. అప్పుడు సాయంత్రానికి భుజం బాగుంటుంది, నడుం పట్టేస్తుంది. ఒకే సైజు జాకెట్టు తెప్పించి అందరికీ తొడిగే చోట ఇది తప్పదు. మగవాళ్ల కొలతలతో చేసిన ఛాతీ పట్టీలు ఆడవాళ్లకు ఒరుసుకోవడం కూడా ఆ కోవలోదే.

దీనికంటే చిక్కైనది భుజం తీరు. మోకాలు తలుపు బందులా ఇంచుమించు ఒకే ఇరుసు మీద మడుస్తుంది. భుజానికి స్థిరమైన ఇరుసే లేదు. చెయ్యి పూర్తిగా పైకి లేవాలంటే ఆ 180 డిగ్రీల్లో సుమారు 120 డిగ్రీలు కీలు దగ్గర, మిగతా 60 వీపు మీది రెక్క ఎముక తిరగడం వల్ల వస్తాయి. అంటే చెయ్యి లేస్తుండగా కీలే పైకీ లోపలికీ జరుగుతుంది. పరికరం ఇరుసు మాత్రం చట్రానికి బిగించి ఉంటుంది. రెండు ఇరుసులూ కాస్త ఎడమైతే పట్టీ దండచేతి మీద జారుతుంది, చంకలో కోసుకుంటుంది, తోపులో కొంత భాగం చేతిని ఎత్తడానికి బదులు కీలును పక్కకు నొక్కుతుంది. తయారీదారులు అతుకుల మీద అతుకులు, జారే పట్టాలు, వంగే చువ్వలు పెట్టి ఈ జరుగుడును అందుకోవడానికి పడుతున్న పాట్లు చూస్తే భుజం ఎంత విడ్డూరమైన నిర్మాణమో తెలుస్తుంది. తొడిగిచూసేవాళ్లు మొదట గమనించాల్సింది ఇదే. చెయ్యి మెల్లగా పైదాకా ఎత్తి దించుతుంటే పట్టీ చర్మంతో పాటు కదలాలి, చర్మం మీద పాకకూడదు.

స్ప్రింగు బలం ఎంత పెట్టుకోవాలన్నదీ అంతే ముఖ్యం. ఎక్కువ పెడితే ఎక్కువ సుఖం అనిపిస్తుంది, కానీ కాదు. చేతి బరువుకు మించి నెడితే చెయ్యి దానంతటదే తేలుతుంది, దాన్ని కిందికి అదిమి ఉంచడానికి వీపు కండలు, దండ వెనక కండలు పనిచేయాలి. ఒక అలసట తీరి ఇంకొకటి తగులుకుంటుంది. పైగా సన్నటి పనిలో, తీగ చివర స్క్రూలో దూర్చడం లాంటి చోట, తేలే చెయ్యి గురి తప్పుతుంది. చేతి బరువులో కొంత భాగం ఇంకా మనిషి మీదే ఉన్నట్టు అనిపించే చోట ఆపడం మేలు.

ఈ పరికరం ఉపయోగం పని స్వభావాన్ని బట్టి కూడా ఉంటుంది. గంటంతా పైకే చూస్తూ చేసే పనిలో ఇది కలిసొస్తుంది. రెండు నిమిషాలు పైన, మూడు నిమిషాలు కింద, మధ్యలో నడుం సంచిలోంచి మేకులు తీసుకోవడం, వంగి కేబుల్ చుట్ట విప్పడం అయితే ప్రతిసారీ చెయ్యి దించడానికి స్ప్రింగుతో పోట్లాడాలి. కొన్ని నమూనాలకు ఆసరాను ఆపే మీట ఉంటుంది. పూటకు నూరుసార్లు ఆ మీట నొక్కే ఓపిక ఎవరికీ ఉండదు. ఎత్తులో పనిచేసేవాళ్లకు ఇంకో గట్టి ఇబ్బంది ఉంది. పడిపోకుండా వేసుకునే సేఫ్టీ బెల్టు పట్టీలు కూడా ఆ వీపు మీదే, ఆ తుంటి చుట్టూనే పోతాయి. ఏది పైన, ఏది కింద అన్నది అక్కడికక్కడ తేల్చుకునే సంగతి కాదు. రెండూ కలిపి వాడొచ్చని ఇద్దరు తయారీదారులూ చెప్పనిదే నిచ్చెన ఎక్కకూడదు. ప్రాణం నిలిపే పట్టీ ముందు, భుజం సుఖం తర్వాత.

ఇక మెడ గురించి. తల వెనక్కి వాల్చి చూస్తూ పనిచేసే మనిషికి భుజంతో సమానంగా మెడా నొస్తుంది, కళ్లలో పొడి పడుతుంది, పిడికిలి డ్రిల్లు అదురుకు మొద్దుబారుతుంది. భుజం ఆసరా వీటిలో దేన్నీ తాకదు. చేతులు హాయిగా ఉన్నాయి కదా అని ఆపకుండా ఇంకో అరగంట పైకే చూస్తే మెడ మీది భారం పెరిగినట్టే. ఇదివరకు చేతులు విదిలించుకునే విరామంలో మెడ కూడా ఊపిరి పీల్చుకునేది. ఆసరా ఆ విరామాన్ని తీసేస్తే దాన్ని వేరే రకంగా తిరిగి ఇవ్వాలి.

ఆధారాల మాటకొస్తే, కండలకు తగిలించిన ఎలక్ట్రోడులతో కొలిచిన ప్రయోగాలు చాలా ఉన్నాయి. పైకెత్తిన చేతుల పనిలో భుజం ముందువైపు కండ శ్రమ తగ్గుతుందని వాటిలో ఎక్కువ భాగం ఒప్పుకుంటాయి. కానీ వాటిలో అత్యధికం ప్రయోగశాలలో, కొద్ది గంటలు, వయసులో ఉన్న ఆరోగ్యవంతులతో చేసినవి. ఇరవై ఏళ్లుగా సీలింగు పని చేస్తూ అప్పటికే ఒక భుజం దెబ్బతిన్న మనిషి వాటిలో కనిపించడు. కండ శ్రమ తగ్గిందంటే గాయాలు తగ్గుతాయని ఆశించడం సహజమే. అది తేలడానికి మాత్రం ఏళ్ల తరబడి నిజమైన పని స్థలాల్లో చూడాలి, అలాంటి అధ్యయనాలు ఇంకా తక్కువ. ప్రమాణాలు కూడా ఇప్పుడిప్పుడే రూపుదిద్దుకుంటున్నాయి. ప్రమాణాలు రాసే ఏఎస్‌టీఎమ్ సంస్థ ఎక్సోస్కెలిటన్ల కోసం ఎఫ్48 కమిటీ వేసిందే 2017లో. కాబట్టి "భుజం జబ్బులు నివారిస్తుంది" అని అమ్మేవాళ్లెవరైనా చెబితే అది ఆధారాలను దాటిన మాట. "చేతులు తక్కువ అలుస్తాయి" అంటే నిలబడే మాట.

వీటన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. అసలు చేతులు పైకి ఎత్తాల్సిన అవసరం ఏమిటి? కార్ల ఫ్యాక్టరీల్లో కొన్ని చోట్ల బండి బాడీనే పక్కకు తిప్పే వేలాడే చట్రాలు పెట్టారు. అడుగుభాగం పనివాడి ఛాతీ ముందుకు వస్తుంది, చెయ్యి లేవదు, మెడ వాలదు. కాంక్రీటు కప్పుకు రంధ్రాల కోసం అమెరికా పరిశోధకుడు డేవిడ్ రెంపెల్ బృందం డ్రిల్లును తలకిందులు స్టాండుకు బిగించి, కింద నిలబడి చక్రం తిప్పితే బిట్టు పైకి పోయే పరికరాన్ని పరీక్షించింది. పనిముట్ల కంపెనీ హిల్టీ 2020లో సీలింగుకు రంధ్రాలు వేసే జైబాట్ అనే రోబోనే తెచ్చింది. రంగులకు పొడవాటి కర్ర రోలరు, గొట్టాలకు నేల మీదే సగం బిగింపు ముగించి పైకి లేపడం, నిచ్చెన బదులు ఎత్తు మార్చుకునే వేదిక. ఇవన్నీ భుజంతో పాటు మెడనూ కాపాడతాయి, ఎవరి ఒంటికీ తొడగనక్కర్లేదు. మనిషికి జాకెట్టు కొనడం పని పద్ధతి మార్చడం కంటే సులువు కాబట్టి యాజమాన్యాలు దానికే మొగ్గుతాయన్న భయం సహేతుకమే. పని కిందికి రాలేని చోట, అంటే పాత భవనాల మరమ్మతులో, ఇరుకు సందుల్లో, రోజుకో స్థలం మారే వైరింగులో ఈ ఆసరాకు నిజమైన చోటుంది. అక్కడ దాన్ని కాదనడం పనివాడి మీద దయ లేకపోవడమే.

తెప్పించుకునే చోట రెండు సంగతులు ముందే మాట్లాడుకోవాలి. ఒకటి, తొడుక్కోవడం పనివాడి ఇష్టం. వద్దన్నవాణ్ని సోమరి అనకూడదు. రెండు, రంధ్రాల లెక్క పెంచకూడదు. చేతులు అలిసిపోవడం లేదు కదా అని పూటకు నలభై వేసేవాడితో అరవై వేయిస్తే తగ్గిన భారమంతా తిరిగి అదే టెండన్ మీదికి చేరుతుంది. ఈసారి అలసట అనే హెచ్చరిక కూడా ఉండదు.

మొదటి రోజు గంటసేపు, తర్వాత మెల్లగా పెంచుకుంటూ రెండు మూడు వారాలు చూడాలి. ప్రతి సాయంత్రం పట్టీలు విప్పాక చర్మం మీద ఎర్రటి గీతలు ఎక్కడ పడ్డాయో, నొప్పి భుజంలోంచి ఇంకెక్కడికైనా మారిందో రాసుకోవాలి. ఎవరి జాకెట్టు వాళ్లకే ఉండాలి, చెమట పట్టిన మెత్తలు ఉతకడానికి ఊడిరావాలి. మూడో వారంలో ఒక పని రోజు మధ్యాహ్నం చెప్పకుండా వెళ్లి చూస్తే సగం సమాధానం దొరుకుతుంది. ఒంటి మీద ఉందంటే పని చేస్తున్నట్టు. కొక్కేనికి వేలాడుతుంటే ఎందుకు తీసేశావని మర్యాదగా అడగాలి. చంకలో ఒరుసుకుంటోందనా, ఉక్కపోతనా, సంచిలో మేకులు అందడం లేదనా, పక్కవాళ్లు నవ్వుతున్నారనా, ఏది చెబితే అది చెప్పినట్టే రాసుకోవాలి.